ఓటీఏ విద్యార్థికి గోనియోమీటర్: ఏది కొనాలి

అమెరికాలో ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంట్ (ఓటీఏ: రోగులు రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా చికిత్సలో సాయపడే ఉద్యోగి) కోర్సులో చేరేవారికి కీళ్ల కదలికను కొలిచే గోనియోమీటర్ తప్పదు. 12 అంగుళాల పారదర్శక ప్లాస్టిక్‌ది కొనండి. భుజం, మోచేయి, మోకాలికి సరిపోతుంది. వేలి కణుపులకు మాత్రం పనికిరాదు, దానికి చిన్న ఫింగర్ గోనియోమీటర్ వేరే ఉండాలి.

కొనేముందు సాధనం రెండు చేతులను (పొడవాటి పట్టీలను) కలిపే మధ్య రివెట్ చూడండి. వదులుగా ఉంటే అంకె చదవడానికి పైకి ఎత్తగానే సాధనం చెయ్యి జారిపోతుంది, కొలత పోతుంది. స్కేలు ముద్రణ కూడా ముఖ్యం: ఆల్కహాల్ వైప్‌లతో పదేపదే తుడిస్తే చవకవాటిలో అంకెలు చెరిగిపోతాయి.

మోచేతిని కొలిచేటప్పుడు ఇరుసును (ఆ రివెట్‌ను) మోచేతి బయటివైపు ఎముక బొడిపె మీద ఆనించి, సాధనంలో కదలని చేతిని భుజం కొన వైపు, కదిలేదాన్ని బొటనవేలి పక్కనున్న మణికట్టు ఎముక వైపు పెట్టాలి. మోచేతిని పూర్తిగా మడిస్తే సుమారు 150 డిగ్రీలు. ఒకదానికొకటి ఎదురుగా నడిచే రెండు స్కేళ్లుండటంతో కొత్తవాళ్లు 150ని 30గా రాసేస్తారు! అంకె రాసేముందు రోగి చేతిని ఒకసారి కంటితో చూడండి. రోగి తనంతట కదిపాడా, మీరు కదిపారా అన్నదీ రాయాలి.