మెరుపుదాడి అనాలా, మాటు వేశారనాలా: ఏది మేలు?

1922 సెప్టెంబర్ 24న దామనపల్లి కనుమలో జరిగింది అల్లూరి సీతారామరాజు మెరుపుదాడి అని రాసేవాళ్లున్నారు. నాకు ఆ మాట అక్కడ అతకదనిపిస్తుంది. ఆ రోజు ఆయన మనుషులు ఎవరి మీదికీ దూసుకెళ్లలేదు. చెట్ల చాటున నక్కి, ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ముందు నడుస్తున్న మన పోలీసులను పోనిచ్చారు. తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్ గురికి అందాకే తుపాకులు పేల్చారు. ఇద్దరూ అక్కడే కూలిపోయారు.

దీనికి మనకు సొంత మాటే ఉంది: మాటు వేయడం. మాటు అంటే మరుగు, అడ్డు. 'చాటుమాటు'లో ఉన్నది అదే. ఇంగ్లీషు 'ఆంబుష్' కూడా పాత ఫ్రెంచిలో అడవి అనే అర్థమున్న మాట నుంచే పుట్టింది. ఎక్కడైనా పొంచి ఉండడానికి చెట్టే కదా దిక్కు! పేపర్లలో 'ఆంబుష్' కనబడినప్పుడల్లా, ఇంత చక్కని మాట పెట్టుకుని ఎందుకు వాడరా అని బాధేస్తుంది.

మెరుపుదాడి దీనికి పూర్తిగా ఎదురు. ఇందులో కాచుకోవడం ఉండదు, వచ్చి పడడమే. దామనపల్లికి నెల ముందు, ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయారే, వాటికి ఈ మాట సరిగ్గా సరిపోతుంది. జర్మన్ 'బ్లిట్జ్‌క్రీగ్'లోనూ మెరుపే ఉంది, కాకపోతే అక్కడ మెరుపుకి యుద్ధం తోడైంది.

'గెరిల్లా' వేరు. స్పానిష్‌లో చిన్న యుద్ధం అని దాని అర్థం. నెపోలియన్ సేనలపై 1808లో మొదలైన పోరుతో ప్రపంచానికి తెలిసింది. అది పోరాడే తీరు, ఒక్క దాడికి పేరు కాదు.

ఇక 'ఆకస్మిక దాడి'. సంస్కృతంలో అకస్మాత్ అంటే కారణం తెలియకుండా. అంటే ఇది దెబ్బ తిన్నవాడి వైపు నుంచి చెప్పే మాట. ఎలా కొట్టారో తెలియనప్పుడు వార్తకు ఇదే మేలు. తెలిసినప్పుడు మాత్రం చాలదు. మర్రిచెట్టు మీద నిద్రపోతున్న కాకులను గుడ్లగూబ చంపడం చూసి, అశ్వత్థామ ఆ రాత్రే పాండవుల శిబిరం మీద పడ్డాడు. భారతంలో ఆ పర్వం పేరు సౌప్తికం, సుప్త అంటే నిద్రపోయినవాడు. తిక్కన తెలుగులోనూ ఆ పేరే ఉంచాడు. దాన్ని ఆకస్మిక దాడి అని రాస్తే ఆ నిద్రపోతున్నవాళ్లు కనబడరు.