ఫైబర్ పడవ అతుకుకు పాలిస్టరా, ఎపాక్సీయా? ఏళ్ల తరబడి రెండూ వాడాక

మాది నెల్లూరు జిల్లా అల్లూరు మండలం, ఇస్కపల్లి వైపు. ఇంట్లో ఒక ఫైబర్ పడవ, మా బావ వాళ్లది ఇంకొకటి, అవి కాక రొయ్యల గుంటల్లో మేత చల్లే చిన్న పడవలు రెండు, ఫైబర్ తొట్లు నాలుగు. 2014 నుంచి వీటికి పగుళ్లొచ్చినా చిల్లులు పడినా నేనే వేసుకుంటున్నా, పక్క పాలేల్లో అడిగినవాళ్లకీ వేసిపెడుతున్నా. గాజు పీచును తడిపి గట్టిపడే జిగట ద్రవాన్ని రెసిన్ అంటారు, అందులో పాలిస్టర్ మొదటి నుంచీ వాడుతున్నా, ఎపాక్సీ 2017 నుంచి. "రెండిట్లో ఏది మంచిదన్నా" అని ఫోన్ చేసి అడుగుతుంటారు, అలా అడిగితే జవాబు చెప్పలేను. కొత్తగా అచ్చులో తయారు చేసేదానికైతే పాలిస్టర్. పాతదానికి, అందులోనూ నీళ్లలో మునిగి ఉండే భాగానికి అతుకు వేయాలంటే ఎపాక్సీ. పడవ మొత్తం పాలిస్టర్‌తో చేసిందే కదా, అతుకూ దాంతోనే వేస్తే కలిసిపోతుందని మా దగ్గర చాలామంది నమ్ముతారు, నేనూ నమ్మా. అది తప్పని తెలియడానికి నాకు ఒక సీజన్ పట్టింది.

2016లో పడవను ఒడ్డుకు లాగుతుంటే ఇసుకలో పూడిపోయిన పాత లంగరు తగిలి అడుగున జానెడు పగులు వచ్చింది. పేరున్న మేస్త్రీనే పిలిపించి, నేను పక్కనే ఉండి, చదరపు మీటరుకు 450 గ్రాముల మ్యాట్ (గాజు పీచు తునకల పరుపు) మూడు వరసలు పాలిస్టర్‌తో వేయించా. చూడ్డానికి రాయిలా ఉంది, సుత్తితో కొడితే ఖంగుమంది. నాలుగు నెలలకు లోపల నీళ్లు ఊరడం మొదలైంది, తిరగేసి చూస్తే అతుకు ఒక అంచున లేచి ఉంది, ఉలి దూర్చి ఎత్తితే మొత్తం ఒకే రేకులా ఊడొచ్చింది. అతుకు ఎక్కడా విరగలేదు, పగల్లేదు. కింద దానికి పట్టు దొరకలేదు, అంతే. రెసిన్ కల్తీదని మేస్త్రీ, క్యాటలిస్ట్ (రెసిన్ గట్టిపడడం మొదలుపెట్టించే మందు) తక్కువ వేశారని షాపతను అన్నారు, రెండూ కావు.

కొత్త పనిలో ఒక వరస ఇంకా జిగటగా ఉండగానే దాని మీద ఇంకో వరస వేస్తాం, రెండూ కలిసి ఒకటే ముక్క అవుతాయి. పాలిస్టర్‌కు గాలి తగిలే పైపొర పూర్తిగా గట్టిపడదు, కొత్త పనిలో ఆ జిగటే మనకు మేలు చేస్తుంది. ఎప్పుడో గట్టిపడి, ఏళ్ల తరబడి ఉప్పునీళ్లలో నానిన పడవకు ఆ జిగట ఎక్కడ ఉంటుంది? గ్రైండర్ గీసిన గీతల్లోకి దిగి పట్టుకోవాల్సిందే. దానికి తోడు పాలిస్టర్ గట్టిపడేటప్పుడు ఘనపరిమాణంలో 5 నుంచి 8 శాతం దాకా కుంచించుకుపోతుంది, కాబట్టి అతుకు అంచులు మొదటి రోజు నుంచే లోపలికి లాగుతూ ఉంటాయి. ఎపాక్సీ కుంచించుకుపోయేది చాలా తక్కువ, పైగా అది అసలు జిగురు జాతిది, పాత పాలిస్టర్‌నూ చెక్కనూ ఇనుమునూ కూడా గట్టిగా పట్టుకుంటుంది.

2017 వేట నిషేధంలో అదే పగులును ఎపాక్సీతో మళ్లీ వేశా. ముందు మంచినీళ్లతో ఉప్పు పోయేలా కడిగి వారం పైనే ఎండనిచ్చా. చెమ్మ ఉందో లేదో చూడ్డానికి ఆ చోట పాలిథిన్ ముక్క పరిచి నాలుగు వైపులా టేపు అంటించి ఎండలో ఉంచా, లోపలివైపు నీటి చుక్కలు కట్టకుండా ఉండేదాకా పని మొదలుపెట్టలేదు. తర్వాత పగులు చుట్టూ ఏటవాలుగా గ్రైండ్ చేశా, మందానికి పన్నెండింతలు వెడల్పు అని లెక్క, అంటే 6 మిల్లీమీటర్ల మందం ఉంటే చుట్టూ 7 సెంటీమీటర్లకు పైగా. చిన్న పగులుకు ఇంత పెద్ద గుంటా అని బావకు టెన్షన్, నాకూ లోపల భయంగానే ఉంది. కానీ నిలిచేది ఆ ఏటవాలే, నిటారుగా కోసి పూడిస్తే పట్టుకునే చోటే ఉండదు. 40 నంబరు ఎమరీ కాగితంతో గరుకు చేసి, అసిటోన్‌తో తుడిచి, ముందు ఒట్టి ఎపాక్సీ బ్రష్‌తో రుద్ది, దాని మీద నేసిన గ్లాసు గుడ్డ వరసలు వేశా. ఆ అతుకు ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత పడవకు రెండుసార్లు రంగు మార్చాం, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు ముందు పడవను ఊళ్లోకి ఈడ్చుకొచ్చాం, దింపాం, అది మాత్రం కదల్లేదు.

నేసిన గుడ్డ అని ఊరికే అనలేదు. మామూలు మ్యాట్‌లో తునకలను ఒకదానికొకటి అంటించే పదార్థం ఒకటి ఉంటుంది, అది పాలిస్టర్‌లో ఉండే స్టైరిన్ అనే ద్రావకానికి కరిగిపోతుంది కాబట్టి మ్యాట్ మెత్తబడి వంపుల్లో కూర్చుంటుంది. ఎపాక్సీలో స్టైరిన్ లేదు. మ్యాట్ బిర్రుగానే ఉంటుంది, అడుగున గాలి బుడగలు ఉండిపోతాయి, రెసిన్ కూడా చాలా తాగుతుంది. నేనొకసారి మేత పడవ మూలకు అలా వేసి మొత్తం పీకేశా.

ఆ 2017లోనే, పడవ ముట్టుకోకముందు, ఎపాక్సీతో చేసిన మొదటి పని కూడా పాడైంది. తొట్టి పగులు త్వరగా ఆరాలని హార్డెనర్ (ఎపాక్సీలో కలిపే రెండో భాగం) కాస్త ఎక్కువ పోశా, పాలిస్టర్ అలవాటు అది. మూడు రోజులైనా అంటుకుంటూనే ఉంది, నెలైనా గోరు దిగుతోంది. పాలిస్టర్‌లో క్యాటలిస్ట్ పని మొదలుపెట్టించేది మాత్రమే, కిలోకు 10 నుంచి 20 గ్రాములు, ఆ హద్దులో కొంచెం అటూ ఇటూ అయినా గట్టిపడుతుంది. ఎపాక్సీ అలా కాదు, హార్డెనర్ కూడా చివరికి ఆ గట్టి పదార్థంలో భాగమవుతుంది, ఎక్కువైతే ఎక్కువైనంతా, తక్కువైతే తక్కువైనంతా మెత్తగా మిగులుతుంది. నేను ఎక్కువగా వాడేది లాపాక్స్ ఎల్-12 అనే ఎపాక్సీ, దానికి కే-6 హార్డెనర్, 100 గ్రాములకు 10 గ్రాములు, తూకంలో. ఒక్కో రకానికి ఒక్కో లెక్క ఉంటుంది, డబ్బా మీద ఉన్నదే పాటించండి. మూతలతో కొలవద్దు. బంగారం తూచే చిన్న కాటా కొనుక్కోండి, నా సామాన్లలో అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది అదే.

ఇక మన ఎండల సంగతి. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, మా తీరంలో మరమ్మతులన్నీ ఆ 61 రోజుల్లోనే, అవే నెల్లూరులో మాడిపోయే రోజులు. మధ్యాహ్నం పాలిస్టర్ కలిపితే పది నిమిషాల్లో బకెట్టులోనే జెల్లీ అయిపోతుంది, తర్వాత పొగ. క్యాటలిస్ట్ బాగా తగ్గించేస్తే సరిపోతుంది కదా అంటారు, 1 శాతం కన్నా తగ్గిస్తే పైకి గట్టిగా కనబడినా లోపల పూర్తిగా పాకం రాదు, నీళ్లలో దిగాక తెలుస్తుంది. తగ్గించాల్సింది ఒకసారి కలిపే రెసిన్. అరకిలో చొప్పున, లోతు బకెట్టులో కాకుండా వెడల్పు పళ్లెంలో కలపండి, వేడి పోగుపడదు. నేను తెల్లారి అయిదున్నరకు మొదలుపెట్టి తొమ్మిదికి ఆపేస్తా, మళ్లీ సాయంత్రమే. ఎపాక్సీకీ ఇదే మాట, గ్లాసులో వదిలేస్తే అదీ పొగలు కక్కుతుంది.

నవంబరు, డిసెంబరుల్లో ఎపాక్సీకి వేరే ఇబ్బంది. గాలిలో తేమకు ఆరిన ఎపాక్సీ మీద నూనె రాసినట్టు సన్నని పొర తేలుతుంది. అది చూడకుండా రంగు వేస్తే పెచ్చులుగా ఊడిపోతుంది, తొట్టికి వేసిన రంగు నాకు అలాగే పోయింది. ముందు కాగితం కొట్టొద్దు, ఆ జిడ్డు గీతల్లోకి పోతుంది. మంచినీళ్లతో పీచు పెట్టి తోమి, ఆరాక అప్పుడు కాగితం.

ఎపాక్సీ మీద జెల్‌కోటు (పడవ పైన రంగుతో మెరిసే పాలిస్టర్ పొర) వేయొద్దు, ఎపాక్సీలో మిగిలిన అమీన్ అనే హార్డెనర్ రసాయనం వల్ల అది అంటుకుంటూ ఉండిపోతుంది. మామూలు పాలిస్టర్‌కూ అదే గతి. పాలిస్టర్ మీద ఎపాక్సీ నిలుస్తుంది, ఎపాక్సీ మీద పాలిస్టర్ నిలవదు, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. ఎపాక్సీ అతుకు మీద పీయూ (పాలియురేథేన్) రంగు వేస్తా, వేయకుండా ఎండకు వదిలేస్తే సుద్దలా తయారవుతుంది. ముదురు రంగులు వద్దు, మామూలు వేడికి ఆరే ఎపాక్సీ బాగా కాలే ఉపరితలంలో మెత్తబడుతుంది, మే నెల ఎండలో నల్ల పడవ మీద చెయ్యి పెట్టి చూస్తే ఎందుకు చెబుతున్నానో తెలుస్తుంది.

పాలిస్టర్‌ను తక్కువ చేయడం లేదు. కొత్త తొట్టి, కొత్త మేత పడవ, ఇంజన్ మూత, వీటికి ఎపాక్సీ పెట్టడం డబ్బు దండగ, నాకు కిలోకు మూడింతల పైనే పడింది. జీపీ (మామూలు రకం పాలిస్టర్) బదులు ఐసో (ఐసోఫ్తాలిక్) రకం తీసుకుంటే నీళ్లకు ఇంకా బాగా ఆగుతుంది, ఆ తేడా డబ్బు పెట్టండి. మ్యాట్ బరువుకు రెండున్నర రెట్లకు మించి రెసిన్ తాగించొద్దు, మెరిసేంత పోస్తే బలం రాదు, పెళుసు అవుతుంది. కొత్త తొట్టిలో వారం పాటు నీళ్లు మార్చి మార్చి పారబోసి, వాసన పూర్తిగా పోయాకే రొయ్య పిల్ల వదులుతా. ఒక్క చిక్కు నిల్వది, ఫిబ్రవరిలో చవకని ఎక్కువ కొన్న డ్రమ్ము జూన్ ఆఖరుకు అడుగున గడ్డకట్టింది. ఎపాక్సీ రెండేళ్లు ఉంచినా పనిచేసింది.

చెక్క దగ్గర మాత్రం పాలిస్టర్‌ను నమ్మను. ఇంజన్ బిగించే వెనక పలకలో ప్లైవుడ్ ఉంటుంది, బోల్టు రంధ్రాల్లోంచి నీళ్లు దిగి అది లోపల కుళ్లుతుంది, పైన ఫైబర్ బాగానే కనబడుతుంది. కొత్త ప్లై పెట్టి పాలిస్టర్‌తో మూస్తే ఏడాది రెండేళ్లకు పొర విడిపోయింది, ఎపాక్సీతో మూసినవి ఒక్కటీ విడిపోలేదు.

అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇది. కోబాల్ట్‌నూ (పాలిస్టర్ త్వరగా గట్టిపడేలా చేసే మందు) క్యాటలిస్ట్‌నూ నేరుగా కలపొద్దు, పేలుతుంది. ముందు కోబాల్ట్ రెసిన్‌లో వేసి బాగా తిప్పాలి, తర్వాతే క్యాటలిస్ట్. రెండు సీసాలూ ఒకే పెట్టెలో పెట్టొద్దు. క్యాటలిస్ట్ కంట్లో పడితే చూపే పోవచ్చు. మా పాలెంలో ఒక పిల్లాడికి చుక్క చిందింది, వెంటనే పడుకోబెట్టి ఇరవై నిమిషాలు నీళ్లు పోస్తూనే ఉండి, ఆ తర్వాత ఆస్పత్రికి తీసుకెళ్లాం, కన్ను దక్కింది. ఆ రోజు నుంచి కళ్లద్దాలు పెట్టుకోనివాళ్లను నా పని దగ్గరికి రానివ్వను. పాలిస్టర్ వాసన ముక్కు పగలగొడుతుంది కాబట్టి జనం జాగ్రత్తపడతారు, ఎపాక్సీకి వాసన తక్కువని చేతులతోనే పూసేస్తారు, మా బావ అలాగే మూడేళ్లు చేశాడు. ఇప్పుడు ఎపాక్సీ తాకితే మోచేతుల దాకా దద్దుర్లు, డబ్బా మూత తీసినా దురద మొదలవుతుంది, ఒకసారి అలా ఒంటికి పడకపోతే ఇక ఎప్పటికీ పడదని డాక్టరు చెప్పారు. నాకన్నా రోలర్ బాగా తిప్పేది మా బావే. నైట్రైల్ గ్లౌజులు తొడుక్కోండి, చిరిగిన వెంటనే మార్చండి, చేతికి అంటితే థిన్నర్‌తో కడగొద్దు, అది చర్మంలోకి ఇంకా దిగేలా చేస్తుంది, గుడ్డతో తుడిచి సబ్బుతో కడుక్కోండి.

వచ్చే నిషేధంలో బావ పడవకు వెనక పలక మార్చాలి. ఎపాక్సీ తెప్పించి పెట్టా, ఆయన దూరంగా కూర్చుని చెబుతుంటే చేసేది నేను.