‘ది వీల్ ఆఫ్ టైమ్’: పద్నాలుగు పుస్తకాలూ రెండుసార్లు చదివాక

రాబర్ట్ జోర్డాన్ ఇంగ్లిష్ ఫాంటసీ సిరీస్ ‘ది వీల్ ఆఫ్ టైమ్’ తొలి పుస్తకంలో, ఒక సత్రం దగ్గర మిన్ అనే అమ్మాయి కథానాయకుడు రాండ్‌తో మాట్లాడుతుంది. కొందరు మనుషుల చుట్టూ ఆమెకు వాళ్ల భవిష్యత్తును సూచించే బొమ్మలు కనిపిస్తుంటాయి. రాండ్ దగ్గర, అతని స్నేహితుల దగ్గర ఏమేం కనిపిస్తున్నాయో గబగబా చెప్పేస్తుంది. ఆ స్నేహితుల్లో ఒకడైన మ్యాట్ దగ్గర ఒక తక్కెడ, దాని మీద ఒక కన్ను. మొదటిసారి చదివినప్పుడు ఆ మాట దగ్గర నేను క్షణం కూడా ఆగలేదు. దాని అర్థం తెలిసేది పదమూడో పుస్తకంలో. తొలి పుస్తకం 1990లో వచ్చింది, పదమూడోది 2010లో. వచ్చినవి వచ్చినట్టు చదువుతూ పోయినవాళ్లు ఆ ఒక్క ముడి విడిపోవడానికి ఇరవై ఏళ్లు ఆగారు. నాకు నాలుగేళ్లు పట్టింది. అయితే అక్కడికి చేరేసరికి తక్కెడ సంగతే నాకు గుర్తులేదు. ఆ సన్నివేశం చదివి బాధపడ్డాను తప్ప, ఇది ముందే చెప్పారన్న ఆలోచన రాలేదు. రెండోసారి చదవడానికి మొదటి పుస్తకం తెరిచినప్పుడు ఆ వాక్యం కనిపించింది. పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను.

ఈ సిరీస్ గురించి ఎవరడిగినా నేను మొదట చెప్పేది ఇదే. అందరూ నిడివి చూసి భయపడతారు. పద్నాలుగు పుస్తకాలు, సుమారు 44 లక్షల పదాలు, పేరున్న పాత్రలే రెండు వేలకు పైగా. నిడివితో నాకు ఇబ్బంది రాలేదు. రోజుకి ముప్పై పేజీలు చదివినా ఎప్పటికో ఒకప్పటికి అయిపోతుంది. ఇబ్బందంతా మరపుతోనే. మూడో పుస్తకంలో నాటిన విత్తనం పన్నెండో పుస్తకంలో కాయ కాస్తుంది. విత్తనం గుర్తులేని వాడికి ఆ కాయ రుచి సగమే తెలుస్తుంది.

2014లో మొదలుపెట్టాను. అప్పటికి నేను పెట్టుకున్న షరతు ఒక్కటే, కథ పూర్తయి ఉండాలి. అంతకుముందు మరో సిరీస్‌ని మనసు పెట్టి చదివి, తర్వాతి పుస్తకం ఎప్పుడొస్తుందో తెలియక ఏళ్ల తరబడి ఎదురుచూసి అలసిపోయాను. ‘ది వీల్ ఆఫ్ టైమ్’ చివరి పుస్తకం 2013 జనవరిలో వచ్చేసింది. ఒక స్నేహితుడు మొదటి రెండు పుస్తకాలూ చేతిలో పెట్టి, ఈ రెండూ చదివాక కూడా నచ్చకపోతే తిరిగి ఇచ్చేయమన్నాడు. మంచి సలహా. నేనూ ఇప్పుడు అందరికీ అదే చెబుతున్నాను. మొదటి పుస్తకం ఒక్కటే చదివి తీర్పు చెప్పకూడదు. పల్లెటూరి కుర్రాళ్లు, వాళ్లని వెంటాడే నల్లటి రౌతు, ఊరు విడిచి పరుగు, ఇదంతా ఫాంటసీ చదివేవాళ్లకి బాగా తెలిసిన దారే. రచయిత తనదైన దారి పట్టేది రెండో పుస్తకం నుంచి.

కథకి పునాది లాంటి ఊహ ఒకటుంది, అది మాత్రం మొదటి నుంచీ గట్టిది. మంత్రశక్తికి రెండు సగాలు, ఆడవాళ్లది ఒకటి, మగవాళ్లది ఒకటి. మగవాళ్ల సగం ఎప్పుడో విషపూరితమైంది. దాన్ని వాడిన మగవాడికి మెల్లగా పిచ్చెక్కుతుంది. కాబట్టి లోకంలో మంత్రశక్తి అంటే ఆడవాళ్లే, రాజులు కూడా వాళ్ల ముందు తగ్గి ఉంటారు. లోకాన్ని కాపాడేవాడు మాత్రం మగవాడేనని జోస్యం. వాడు రాకపోతే లోకం నాశనం. వస్తే పిచ్చివాడై తనే నాశనం చేయవచ్చు. గొర్రెలు కాసుకుని బతికే తండ్రి దగ్గర పెరిగిన రాండ్ నెత్తిన ఈ బరువు పడుతుంది. పద్నాలుగు పుస్తకాల్లోనూ ఆ బరువు కింద అతను ఏమవుతాడన్నదే నాకు అసలు కథ.

నాలుగో పుస్తకం గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడాలి. మొత్తం సిరీస్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. ఎడారిలో బతికే ఐయీల్ అనే యోధుల జాతి ఒకటుంది. వాళ్లకి ఎందుకో తెలియని నియమాలు చాలా ఉన్నాయి. ఖడ్గం ముట్టుకోరు, ఈటెలతో యుద్ధం చేస్తారు. ఒకచోట గాజు స్తంభాల మధ్య నుంచి రాండ్ నడుస్తాడు. ఒక్కో అడుగుకీ కాలం వెనక్కి జరుగుతుంది. ఒక పూర్వీకుడి కళ్లతో కొంచెం చూస్తాడు, తర్వాత అతనికన్నా ముందటివాడి కళ్లతో. రెండు అధ్యాయాలు ఇలా వెనక్కి వెనక్కి నడుస్తాయి. మనకు ముందు ఫలితం కనిపిస్తుంది, తర్వాత దానికి కారణం, ఆ తర్వాత కారణానికి కారణం. చివరికి ఆ జాతి ఏం మర్చిపోయిందో, ఎందుకు మర్చిపోవాలనుకుందో తెలుస్తుంది. అది ఇక్కడ చెప్పను. ఆ రెండు అధ్యాయాలూ నేను ఇప్పటికి ఐదారుసార్లు చదివాను. ఒకసారి తిరగేసి, అంటే చివరి దృశ్యం నుంచి మొదటి దృశ్యం దాకా చదివి చూశాను. అలా చదివితే ఒక జాతి చరిత్ర వరుసగా అర్థమవుతుంది కానీ గుండె మీద దెబ్బ పడదు. రచయిత పెట్టిన వరుసలోనే ఆ దెబ్బ ఉంది.

అక్కడ నాకొక విషయం తట్టింది. పుస్తకాల లోపలి కథ కూడా మరపు గురించే. ప్రతి పుస్తకమూ మొదటి అధ్యాయంలో ఒకే తీరు మాటలతో మొదలై, ఎక్కడో గాలి లేవడంతో కథలోకి దిగుతుంది. జ్ఞాపకాలు కథలవుతాయని, కథలు పురాణాలవుతాయని, చివరికి అవీ మిగలవని ఆ మాటల సారాంశం. మొదట్లో దాన్ని దాటేసి చదివేవాణ్ణి. నాలుగో పుస్తకం తర్వాత ఒక్కసారి కూడా దాటేయలేదు.

ఇక మధ్య పుస్తకాలు. ఏడు నుంచి పది వరకు వేగం తగ్గుతుందని చదివినవాళ్లంతా చెబుతారు, నిజమే. రచయిత ఒక్కో పాత్రను పుస్తకాలకు పుస్తకాలే పక్కన పెట్టేస్తాడు. ఐదో పుస్తకంలో రాండ్ మరో స్నేహితుడు పెర్రిన్ కనిపించడు, ఎనిమిదో పుస్తకంలో మ్యాట్ లేడు. పదో పుస్తకంలో చాలా భాగం, తొమ్మిదో పుస్తకం చివర జరిగిన పెద్ద ఘట్టం సమయానికి మిగతావాళ్లు ఏం చేస్తున్నారో చూపించడానికే పోతుంది. మొదటిసారి నేను ఆగిపోయింది అక్కడే. మధ్యలో పడేసి పద్నాలుగు నెలలు ముట్టుకోలేదు. తిరిగి తెరిస్తే ఎవరు ఎవరో తెలియలేదు. ముఖ్యంగా ఐజ్ సెడాయ్ అనే మంత్రశక్తి ఉన్న స్త్రీలు. వాళ్లలో ఏడు శాఖలు, ప్రతి శాఖలోనూ కుట్రలు, పేర్లు చూస్తే ఒకదాన్ని పోలి ఒకటి. నాలుగు పేజీలు చదవడం, వెనక్కి వెళ్లి వెతకడం. టెన్షన్ తప్ప ఆనందం లేదు.

అప్పుడు చేసిన తప్పు ఒకటుంది, కొత్తగా చదివేవాళ్లు దయచేసి చేయకండి. ఒక పాత్ర పేరు గుర్తురాక ఇంటర్నెట్‌లో వెతికాను. మొదటి పేరాలోనే ఆ పాత్ర చివరి పుస్తకంలో చనిపోతుందని ఉంది. నాలుగు పుస్తకాల ముందే తెలిసిపోయింది. చదువుతున్న పుస్తకం ఎన్నోదో చెబితే అంతవరకే వివరాలు చూపించే ఆప్ ఉందని నాకు ఆ తర్వాత తెలిసింది. ప్రతి పుస్తకం చివర ఉండే పదకోశం కూడా చాలావరకు సాయం చేస్తుంది, దాన్ని నేను మొదట్లో పట్టించుకోలేదు.

నన్ను తిరిగి దారిలో పెట్టింది ఆడియోబుక్. మైకేల్ క్రామర్, కేట్ రీడింగ్ చదివారు. వాళ్లిద్దరూ భార్యాభర్తలు. మగ పాత్రల వైపు నుంచి నడిచే భాగాలు ఆయన, ఆడ పాత్రల వైపు నుంచి నడిచేవి ఆమె. మొత్తం కలిపి నాలుగు వందల గంటలకు పైనే. గొంతు మారగానే ఎవరి వైపు కథో చెవికి తెలిసిపోతుంది. కళ్లతో చదివితే జారిపోయిన పేర్లు వింటే నిలిచాయి. నేను మూడేళ్లుగా ‘మోయిరేన్’ అని చదువుకుంటున్న ఒక ఐజ్ సెడాయ్ పేరు ‘మ్వరేన్’ అని అప్పుడే తెలిసింది. లోపం లేదని కాదు. కొన్ని పేర్లను ఒక పుస్తకంలో ఒకలా, ఇంకో పుస్తకంలో మరోలా పలుకుతారు. అయినా పదో పుస్తకం చివరి సగం నడుస్తూ, పనులు చేసుకుంటూ వినేశాను. పదకొండు దగ్గర మళ్లీ కాగితం పట్టుకున్నాను. అక్కడి నుంచి కథ పరుగందుకుంటుంది.

రెండోసారి, 2021 నుంచి 2023 దాకా, పద్ధతి మార్చాను. ఒక పుస్తకం పూర్తవగానే తర్వాతది తెరిచే ముందు ఒక్క పేజీ రాసుకున్నాను. ఎవరు ఎక్కడున్నారు, ఎవరికి ఏ రహస్యం తెలుసు, ఎవరికి తెలియదు, ఇంకా జవాబు రాని ప్రశ్నలేవి. మొదటిసారి అధ్యాయం అధ్యాయానికీ నోట్స్ రాయబోయి మూడో పుస్తకానికే వదిలేశాను. పుస్తకానికి ఒక్క పేజీ అయితే భారం కాదు. ‘ఎవరికి తెలియదు’ అన్న వరుస చాలా ముఖ్యం. ఈ కథలో సగం గొడవలు మనుషులు ఒకరికొకరు నిజం చెప్పుకోకపోవడం వల్లే వస్తాయి. అలా చదివినప్పుడు పదో పుస్తకం కూడా తొమ్మిది రోజుల్లో అయిపోయింది. అది గొప్ప పుస్తకం అనను, పద్నాలుగింటిలో బలహీనమైనది అదే. కాకపోతే 2000లో తొమ్మిదోది చదివి, పదోదాని కోసం 2003 దాకా ఆగినవాళ్ల కోపం ఎంతటిదో అర్థమైంది. ఆగకుండా చదివేవాడికి అది ఒక వారం నెమ్మదిగా నడవడమే.

నచ్చనివి ఇంకా ఉన్నాయి. రాండ్ ఊరి అమ్మాయి నైనీవ్ కోపం వచ్చిన ప్రతిసారీ జడ పట్టుకుని లాగుతుంది. ఆడవాళ్లు పావడా కుచ్చిళ్లు సర్దుకుంటూనే ఉంటారు. బట్టల వర్ణన కొన్నిచోట్ల పేజీకి పేజీ. మగవాళ్లను ఆడవాళ్లు, ఆడవాళ్లను మగవాళ్లు అర్థం చేసుకోలేకపోవడం మొదట బాగుంటుంది, ఏడో పుస్తకానికి విసుగొస్తుంది. పెర్రిన్ ఒకే పని మీద మూడు పుస్తకాల పాటు తిరుగుతాడు. అందులో ఒక పుస్తకం తీసేసినా కథకు నష్టం లేదని నా అభిప్రాయం.

రచయిత రాబర్ట్ జోర్డాన్ అసలు పేరు జేమ్స్ ఆలివర్ రిగ్నీ జూనియర్. వియత్నాం యుద్ధంలో పనిచేసి వచ్చినవాడు. యుద్ధం ముగిశాక మనిషిలో మిగిలేదాన్ని రాసిన చోటల్లా ఆ అనుభవం ఉందనిపిస్తుంది నాకు. 2007 సెప్టెంబర్‌లో, పదకొండు పుస్తకాల తర్వాత, జబ్బుతో చనిపోయాడు. చివరి సన్నివేశం మాత్రం ముందే రాసి ఉంచాడు, మిగతాదానికి నోట్స్ వదిలి వెళ్లాడు. ఆయన భార్య హారియట్ మెక్‌డూగల్ ఆయన ఎడిటర్ కూడా. మిగతా కథ పూర్తి చేయడానికి ఆవిడే మరో ఫాంటసీ రచయిత బ్రాండన్ శాండర్సన్‌ని ఎంచుకుంది. ఒకే పుస్తకం అనుకున్న ముగింపు మూడు పుస్తకాలయింది.

చేయి మారడం తెలుస్తుందా? తెలుస్తుంది. వాక్యాలు పొట్టివవుతాయి, వర్ణన తగ్గుతుంది, కథ వేగంగా కదులుతుంది. పన్నెండో పుస్తకంలో మ్యాట్ మాట తీరు నాకు మ్యాట్‌లా అనిపించలేదు, హాస్యం కోసం కష్టపడినట్టుంది. అదే పుస్తకంలో రాండ్ భాగాలు మాత్రం మొత్తం సిరీస్‌లోని మంచి పేజీల సరసన నిలుస్తాయి. పర్వతం మీద అతను ఒంటరిగా నిలబడిన ఘట్టం కోసమే ఇంతదూరం వచ్చానా అనిపించింది. చివరి పుస్తకంలో ఆఖరి యుద్ధం ఒక్క అధ్యాయమే చిన్న నవలంత ఉంటుంది. దాన్ని ముక్కలుగా చదవకండి. సెలవు రోజు చూసుకుని పొద్దున్నే మొదలుపెట్టండి.

ఈ కథ టీవీ సిరీస్‌గా అమెజాన్ ప్రైమ్‌లో 2021 నుంచి మూడు సీజన్లు వచ్చి 2025లో ఆగిపోయింది. పుస్తకాలు చదవకముందు చూడకపోవడమే మంచిది. ముఖాలు ముందే స్థిరపడిపోతే మన ఊహకు చోటుండదు.

ఇంత పొడుగు వద్దనుకునేవాళ్లకి ఉర్సులా కె. లె గ్విన్ ‘ఎర్త్‌సీ’ పుస్తకాలు చెబుతాను, ఆరే పుస్తకాలు, చిన్నవి. పెద్దదే కావాలి కానీ ఒక్క మనిషి వెంటే ఉండాలనిపిస్తే రాబిన్ హాబ్ 1995లో మొదలుపెట్టిన ఫిట్జ్ కథ. లోకమంతా, దాని రాజకీయమంతా, పాత కాలపు రహస్యాలన్నీ ఒకేచోట కావాలంటే మాత్రం ఇదే.

ఈమధ్యే మూడోసారి మొదలుపెట్టాను, ఈసారి పూర్తిగా ఆడియోలో. నిన్న సత్రం అధ్యాయం వచ్చింది. మిన్ చెబుతున్న బొమ్మలు ఒక్కొక్కటే వింటూ, ఏది ఏ పుస్తకంలో తేలుతుందో వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. అన్నీ గుర్తున్నాయి, ఒక్కటి తప్ప. దాన్ని కాగితం మీద రాసి పెట్టుకున్నాను.