అమ్మ బీపీ మిషన్: మూడేళ్ల వాడకం తర్వాత

తెనాలి దగ్గర పల్లెలో అమ్మ ఒక్కతే ఉంటుంది. వయసు డెబ్బై ఒకటి. నేను హైదరాబాదులో. మూడేళ్ల క్రితం డాక్టరు బీపీకి రెండో మాత్ర రాసినప్పుడు, ఫోనుతో బ్లూటూత్ ద్వారా కలిసే మిషన్ ఒకటి కొనిచ్చాను. దండచేతికి పట్టీ చుట్టుకునే రకం. మణికట్టుకు పెట్టుకునేవి చిన్నవిగా, ముచ్చటగా ఉంటాయి. కానీ చేయి గుండె ఎత్తులో లేకపోతే అంకె తప్పుతుంది. పెద్దవాళ్లకు వాటిని కొనవద్దనే చెబుతాను.

కొన్న రోజు నాకు అర్థం కాని సంగతి ఒకటుంది. మిషన్ తనంతట తాను నాకేమీ పంపదు. అమ్మ ఫోను దాని పక్కనే ఉండాలి, బ్లూటూత్ వేసి ఉండాలి, యాప్ తెరవాలి, నెట్ ప్యాక్ అయిపోకూడదు. ఇందులో ఏది తప్పినా నా ఫోనులో ఆ రోజు ఖాళీయే. మొదటి నెలలో సగం రోజులు అలాగే పోయాయి. ఇప్పుడు అమ్మ రోజూ బొత్తాం నొక్కి చూసుకుంటుంది, అంతే. అంకెలు మిషన్‌లోనే నిల్వ ఉంటాయి. ఆదివారం మా పెదనాన్న మనవడు వచ్చి వారం లెక్క అంతా ఒకేసారి యాప్‌లోకి ఎక్కిస్తాడు.

అంకె సరిగా రావడం అన్నిటికంటే పెద్ద పని. మొదట్లో రోజూ పై అంకె 160కి తగ్గేది కాదు. మాత్ర మోతాదు పెంచుదామనే దాకా వచ్చింది. ఊరి హెల్త్ క్లినిక్‌లో నర్సు (ఏఎన్ఎం) గారు అమ్మ చేతికి పట్టీ చుట్టి చూసి, "ఇది మీకు బిగుతమ్మా" అన్నారు. మిషన్‌తో వచ్చిన పట్టీ 32 సెంటీమీటర్ల చుట్టుకొలత వరకే. టేపుతో కొలిస్తే అమ్మ దండచేయి 35. చిన్న పట్టీ వేస్తే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. పెద్ద పట్టీ తెప్పించాక అంకె 145 దగ్గరికి దిగింది. మిషన్ కొనే ముందు చేతిని కొలవండి. ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు, పెట్టె మీద మాత్రం చిన్న అక్షరాల్లో ఉంది.

ఒక సాయంత్రం 178/96 వచ్చింది. ఆఫీసు మెట్ల మీద నిలబడి ఫోను చేస్తుంటే నా చేతులు వణికాయి. అమ్మ అప్పుడే చెరువు గట్టు దాకా వెళ్లి గేదెను తోలుకొచ్చి, అదే ఆయాసంతో పట్టీ చుట్టుకుంది. తలనొప్పి, ఛాతీలో నొప్పి, మాట తడబడటం లాంటివి ఉన్నాయేమోనని అడిగాను. ఏమీ లేవంది. కుర్చీకి వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, మాట్లాడకుండా ఐదు నిమిషాలు కూర్చోమన్నాను. నిమిషం తేడాతో రెండుసార్లు చూస్తే 144, 141. ఆసుపత్రిలో 140/90 హద్దయితే ఇంటి కొలతకు 135/85ని హద్దుగా చూస్తారు కాబట్టి అదీ కాస్త ఎక్కువే. కానీ పరుగెత్తుకెళ్లాల్సిన పని లేదు.

ఇంకో నెలలో అకస్మాత్తుగా 98/60 కనిపించింది. పక్కింటి పిన్ని కూడా అమ్మ మిషన్‌తోనే చూపించుకుందట! ఇద్దరికీ వేర్వేరు ఖాతాలు పెట్టుకునే వీలున్నా, మనిషి మారినప్పుడు ఖాతా బొత్తాం మార్చాలని వాళ్లకు తెలియదు. ఆ అంకెలు అమ్మ లెక్కలో పడి డాక్టరు దాకా వెళ్లి ఉంటే మాత్ర తగ్గించేవారు.

ఇక ఈ-సంజీవని. ఇది కేంద్ర ప్రభుత్వ ఉచిత టెలిమెడిసిన్ సేవ. క్లినిక్‌లో ఆరోగ్య సిబ్బంది అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని డాక్టరుకు వీడియో కలుపుతారు. నేను మనసారా మెచ్చుకునేది ఈ ఏర్పాటునే. పోయిన వేసవిలో అమ్మ పాదాలు వాచాయి. నాకు ఫోనులో చెప్పనే లేదు. డాక్టరు అడిగితే సిస్టర్ గారు చీలమండ పైన బొటనవేలితో కొన్ని క్షణాలు నొక్కి, కెమెరా కిందికి దించి చూపించారు. వేలు తీశాక గుంట అలాగే నిలిచింది. ఆయన మాత్రల పేర్లు చదివించుకుని, ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర వల్ల ఇలా రావచ్చు కానీ కిడ్నీ, గుండె సంగతి కూడా చూడాలి, తెనాలి వెళ్లి స్వయంగా చూపించుకోండి అన్నారు. పరీక్షలు బాగానే వచ్చాయి, మందు మార్చారు, వాపు దిగింది. నా ఫోనులోని గీతలకు ఆ వాపు ఎప్పటికీ తెలిసేది కాదు.

అంతకు ముందు డబ్బు కట్టి వాడిన యాప్ ఒకటుంది. ప్రతిసారీ కొత్త డాక్టరు, ప్రతిసారీ మొదటినుంచి చెప్పుకోవాలి. ఒకసారి చీటీ మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరే లేదు. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం అది తప్పనిసరిగా ఉండాలి. ఆ రోజే మానేశాను.

రెండో ఏడు అమ్మ ఒక మాట అంది. "ఇదివరకు అన్నం తిన్నావా అని అడిగేదానివి, ఇప్పుడు ఎంత ఉంది అని అడుగుతున్నావు." అప్పటినుంచి యాప్‌ను ఆదివారమే తెరుస్తాను. రోజూ చేసే ఫోనులో బీపీ ఊసు ఎత్తను.

మొన్న పిన్నికి కూడా ఒక మిషన్ కొన్నాం. దానికి బ్లూటూత్ లేదు. ఆమె కొడుకు, కోడలు అదే ఇంట్లో ఉంటారు.