చెన్నై నుంచి డాలస్: పెద్దవాళ్లకు దోహా దారి మేలా, ఫ్రాంక్‌ఫర్ట్ దారి మేలా?

నెల్లూరు, తిరుపతి వైపు నుంచి అమెరికా వెళ్లే చాలామంది విమానం ఎక్కేది చెన్నైలోనే. డాలస్‌లో ఉన్న చెల్లి దగ్గరికి అమ్మానాన్నలను పంపడానికి నేనూ ఇక్కడి నుంచే టికెట్లు వెతికాను. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఇద్దరికీ ఇదే మొదటి విమాన ప్రయాణం.

చెన్నై నుంచి డాలస్‌కు నేరుగా విమానం లేదు. గ్లోబు మీద దారం పెట్టి కొలిస్తే సుమారు 14,900 కిలోమీటర్లు. చెన్నై 80 డిగ్రీల తూర్పున, డాలస్ 97 డిగ్రీల పడమరన ఉన్నాయి కాబట్టి ఆ దారం ఉత్తర ధ్రువం పక్క నుంచే పోతుంది. మ్యాపులో చుట్టు తిరిగినట్టు కనిపించే ఫ్రాంక్‌ఫర్ట్ నిజానికి చుట్టుదారి కాదు. అటు వెళితే 7,600, 8,250 కలిపి 15,850 కిలోమీటర్లు. దోహా మీదుగా 3,300, 12,750 కలిపి 16,050. తేడా 200. ఇక్కడి నుంచి నెల్లూరు వెళ్లినంత! గాల్లో ఉండే సమయం కూడా ఎటు వెళ్లినా దాదాపు 21 గంటలే.

తేడా అంతా ఆ 21 గంటలు ఎలా విడిపోతాయన్న దానిలోనే ఉంది. దోహా వరకు ఐదు గంటలలోపే, ఆ తర్వాత ఒకే సీటులో 16 గంటలు. ఫ్రాంక్‌ఫర్ట్ అయితే అక్కడి వరకు పది, ఆ తర్వాత పదకొండు. మోకాళ్లు పట్టేసేవాళ్లకు, పాదాలు వాచేవాళ్లకు 16 గంటలు కూర్చోవడం చాలా కష్టం. కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంటుంది. మధ్యలో దిగి కాసేపు నడిస్తే అమ్మకు ఎంత హాయి!

దోహాలో మన భాషలు మాట్లాడేవాళ్లు ఎదురుపడతారు, అది పెద్ద ధైర్యం. కాళ్లు బాగున్నవాళ్లు, నిద్ర పట్టేవాళ్లు అటు వెళ్లినా ఇబ్బంది లేదు. అమెరికాలోనే ఇంకో ఊళ్లో విమానం మారే టికెట్ మాత్రం, ఎంత చవకైనా, పెద్దవాళ్లకు తీయకండి. మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్ ముగించి, లగేజీ తీసుకుని, కస్టమ్స్ దాటి మళ్లీ అప్పగించాలి. ఇంగ్లిష్ రానివాళ్లకు అక్కడే టెన్షన్.

టికెట్ మీద టైములు చూసి మోసపోవద్దు. అవి ఆయా ఊళ్ల టైములు. డాలస్ మనకన్నా వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. తెల్లవారుజామున 3 గంటలకు బయల్దేరి 24 గంటలు ప్రయాణించినా, వేసవిలో అదే రోజు సాయంత్రం నాలుగున్నరకు దిగుతారు. తిరుగు ప్రయాణంలో పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి గాల్లో ఉండే సమయం తగ్గుతుంది.

చివరికి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానే తీశాను. ఇద్దరికీ ఒకే బుకింగ్, మధ్యలో మూడు గంటల వ్యవధి, అమ్మకు నడవ పక్క సీటు. వీల్‌చెయిర్ కూడా టికెట్ తీసిన రోజే అడిగి పెట్టాను.