డల్లెస్‌లో ఆగిన బ్లాక్‌బర్డ్

లాస్ ఏంజెలెస్ నుంచి వాషింగ్టన్ డల్లెస్‌కు మా విమానానికి దాదాపు అయిదు గంటలు పట్టింది. 1990 మార్చి 6న అమెరికా వాయుసేన నిఘా విమానం ఎస్ఆర్-71 బ్లాక్‌బర్డ్ ఒకటి లాస్ ఏంజెలెస్, వాషింగ్టన్‌ల మధ్య దూరాన్ని 64 నిమిషాల 20 సెకన్లలో దాటింది. దిగింది కూడా డల్లెస్‌లోనే. అదే దాని చివరి ప్రయాణం. చిన్నప్పటి నుంచి ఆ విమానం బొమ్మలు కత్తిరించి దాచుకున్నాను కనుక, మా చక్రాలు నేలను తాకినప్పుడు గుండె వేగంగా కొట్టుకుంది.

మొదటి రాత్రి విమానాశ్రయం దగ్గరి హోటల్లో ఉన్నాం. వాళ్ల ఉచిత వాహనం కోసం ముప్పావు గంట నిలబడాల్సి వచ్చింది. గది శుభ్రంగానే ఉంది కానీ ఆ అద్దెకు తగ్గ సేవ కాదు. మర్నాడు యాష్‌బర్న్‌లోని అక్కావాళ్లింటికి మారిపోయాం.

ఆ బ్లాక్‌బర్డ్‌ను ఉంచిన విమానాల మ్యూజియం ఉడ్వార్-హేజీ సెంటర్ చాంటిలీలో, విమానాశ్రయాన్ని ఆనుకునే ఉంది. ప్రవేశం ఉచితం, కారు నిలపడానికి 15 డాలర్లు. సాయంత్రం 4 దాటితే ఆ రుసుము కూడా ఉండదు. అయితే 5:30కే మూసేస్తారు, ఆ గంటన్నర ఏ మూలకూ సరిపోదు. డబ్బు కట్టి పొద్దున్నే వెళ్లండి. కారు లేనివారికి ఫెయిర్‌ఫాక్స్ కనెక్టర్ 983 బస్సు ఉంది.

లోపలికి అడుగుపెట్టగానే మనం పైఅంతస్తులో ఉంటాం. కింద, సూటిగా మన వైపు ముక్కు పెట్టి బ్లాక్‌బర్డ్ నిలబడి ఉంటుంది. నేను మాట్లాడలేకపోయాను. బావగారు భుజం తట్టి, "కిందికి వెళ్దాం పద, దగ్గర్నుంచి చూద్దువుగాని" అన్నారు.

దగ్గర్నుంచే చూడాలి నిజానికి. రెక్క మీద ముందు నుంచి వెనక్కి, ఇంటి పైకప్పు రేకుల మీద ఉండే గాడుల్లాంటివి కనిపించాయి. శబ్దవేగానికి మూడు రెట్లు దాటి పోతున్నప్పుడు ఒంటి మీద కొన్నిచోట్ల వేడి 300 డిగ్రీల సెల్సియస్ దాటేది. ఆ వేడికి లోహం సాగుతుంది కాబట్టి, రెక్క వంకరపోకుండా ఆ గాడులు పెట్టారు. టైర్లు కూడా నల్లగా ఉండవు. వేడిని తిప్పికొట్టడానికి రబ్బరులో అల్యూమినియం పొడి కలపడంతో వెండి రంగులో ఉంటాయి. ఇంజన్ నోట్లోని మొనదేలిన శంకువు, వేగం పెరిగేకొద్దీ దాదాపు 66 సెంటీమీటర్లు వెనక్కి జరిగేది. వీటి గురించి ఎన్నోసార్లు చదివాను. అయినా ఆ గాడుల ముందు నిలబడినప్పుడే దాన్ని రూపొందించిన ఇంజనీరు కెల్లీ జాన్సన్ బృందం ఏం సాధించిందో అర్థమైంది. తయారైన 32 విమానాల్లో 12 ప్రమాదాల్లో పోయాయి. శత్రువు చేతికి మాత్రం ఒక్కటీ చిక్కలేదు.

వారాంతంలో అక్క కట్టిచ్చిన పులిహోరతో ఒహాయోలోని డేటన్‌కు బయలుదేరాం. కారులో ఎనిమిది గంటల దారి. అమెరికా వాయుసేన మ్యూజియంలో ప్రవేశమూ పార్కింగూ రెండూ ఉచితమే. అక్కడున్నది 1968 మార్చి 21న ఎస్ఆర్-71ల మొట్టమొదటి నిఘా యాత్ర చేసిన విమానం. దీనికి అన్నలాంటి యుద్ధవిమానం వైఎఫ్-12ఏ ప్రపంచంలో మిగిలింది ఒక్కటే, అదీ ఇక్కడే ఉంది. విమానాలంటే ప్రాణమిచ్చేవారికి రెండు రోజులైనా చాలవు. పిల్లలతో వెళ్లేవారు మాత్రం చాంటిలీతో సరిపెట్టుకోవచ్చు. అక్కడ బ్లాక్‌బర్డ్ వెనకే డిస్కవరీ అంతరిక్ష నౌక కూడా ఉంది.

న్యూయార్క్‌లో మ్యూజియంగా మార్చిన ఇంట్రెపిడ్ యుద్ధనౌక మీద ఉన్నది, ఎస్ఆర్-71కి ముందు వచ్చిన ఎ-12. సీఐఏ కోసం చేసిన ఒంటరి పైలట్ విమానం. టికెట్టు కొనాలి. ఎండావానల్లో ఆరుబయట దాన్ని చూస్తే మనసు చివుక్కుమంది. ఆ ఊరికి ఎలాగూ వెళ్తే చూడండి, దానికోసమే వెళ్లనక్కర్లేదు.

ఇక తర్వాత వెళ్లేది ఇంగ్లండ్‌లోని డక్స్‌ఫర్డ్ మ్యూజియానికే. అమెరికా బయట ఉన్న ఒకే ఒక ఎస్ఆర్-71 అక్కడుంది. 1976 జులైలో 85,069 అడుగుల ఎత్తున ఎగిరి రికార్డు నెలకొల్పింది అదే.