నల్లగొండ ఇంటికి సోలార్ హీటరా, ఫైవ్ స్టార్ గీజరా?

మన దగ్గర ఇల్లంతా వెచ్చబెట్టే బాయిలర్‌తో పనిలేదు. చలికాలం పొద్దున స్నానానికి వేడినీళ్లుంటే చాలు. అందుకే పోటీ ఈ రెండింటి మధ్యే.

ముందు కరెంటు లెక్క. వంద లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 55కి తేవాలంటే సుమారు మూడున్నర యూనిట్లు కాలతాయి. సోలార్‌కు ఆ ఖర్చు లేదు, ఎండకు మనకు కొదవా లేదు. ముసురు పట్టిన రోజుల్లో మాత్రం అది చేతులెత్తేస్తుంది. డాబా మీద నీడ పడని చోటు, ట్యాంకు బరువు మోసే స్లాబు, బాత్‌రూమ్ దాకా పైపు కూడా కావాలి. పైపు పొడవైతే వేడినీళ్లు వచ్చేలోపు బకెట్ చల్లనీళ్లు పారబోయాల్సిందే.

గీజర్ మీది స్టార్లు చెప్పేది ప్రధానంగా ఒకటే: వేడెక్కిన నీళ్లు ఊరికే ఉన్నప్పుడు ఎంత వేడి పోతుందో. వాడే ముందు వేసి, అవగానే స్విచ్ కట్టేసే ఇంట్లో త్రీ స్టార్‌కూ ఫైవ్ స్టార్‌కూ తేడా తక్కువే. పొద్దంతా ఆన్‌లో ఉంచేవాళ్లకే ఆ స్టార్లు పనికొస్తాయి.

అసలు చిక్కు బోరునీళ్లది. ఉప్పునీళ్లైతే గీజర్ కాయిల్‌కు తెల్లటి పొర కట్టి, నీళ్లు కాగడం ఆలస్యమవుతుంది. సోలార్ గొట్టాల్లోనూ అదే పేరుకుంటుంది. అలాంటి చోట బోరునీళ్లు నేరుగా ప్యానెల్‌లోకి వెళ్లని హీట్ ఎక్స్ఛేంజర్ రకం అడగండి, ధర ఎక్కువైనా సరే.

నలుగురైదుగురున్న సొంతింటికి నా ఓటు సోలార్‌కే. కిరాయింట్లో ఇద్దరే ఉంటే పదిహేను లీటర్ల గీజర్ చాలు.